∤ : భాగించదు అని చెప్పే గీత

అపోహ: ∤ కూడా భాగహారం గుర్తే.

కాదు. భాగహారం చేయమని ఈ గుర్తు అడగదు. ఒక సంఖ్య మరోదాన్ని నిశ్శేషంగా భాగించదని తేల్చి చెబుతుంది. సికింద్రాబాద్ పిన్‌కోడ్ 500003 తీసుకోండి. అంకెల మొత్తం 8, అందుకే 3 ∤ 500003. హైదరాబాద్ జీపీఓ పిన్‌కోడ్ 500001లో ఆ మొత్తం 6, కాబట్టి 3 ∣ 500001. రెండూ నిజమైన వాక్యాలే. రాబట్టాల్సిన జవాబంటూ వాటిలో ఏమీ లేదు. పిల్లలు తడబడేది వరుస దగ్గర. ఇక్కడ భాజకం ముందు వస్తుంది. తిప్పి 500001 ∣ 3 అని రాస్తే అబద్ధమవుతుంది. బడిలో భాజనీయతా సూత్రాలు బట్టీ పట్టించే ముందు ఈ గుర్తును వాక్యంలా పైకి చదివిస్తే ఎంతో మేలని నా గట్టి నమ్మకం.

అపోహ: 2, 3, 5 భాగించకపోతే ఇక అది ప్రధాన సంఖ్యే.

ఇదీ 500003 దగ్గరే తేలిపోతుంది. 7 × 71,429 = 5,00,003. అది ప్రధాన సంఖ్య అనాలంటే వర్గమూలం దాకా, అంటే 707 లోపు ఉన్న ప్రతి ప్రధాన సంఖ్య పక్కనా ∤ రాయగలగాలి. ఏడు దగ్గరే ఆగిపోయాం.

అపోహ: కీబోర్డు మీది నిలువుగీతను కొట్టేస్తే ∤ అయిపోతుంది.

కాగితం మీద అవుతుంది. యూనికోడ్‌లో కీబోర్డు గీత యు+007సి, ‘భాగిస్తుంది’ గుర్తు యు+2223, ‘భాగించదు’ గుర్తు యు+2224. కంటికి మొదటి రెండూ ఒకేలా కనిపించినా కంప్యూటర్‌కు వేర్వేరు అక్షరాలు. యు+2223 వెనకే యు+0338 అనే కలిసిపోయే అడ్డగీత చేరిస్తే, దాన్ని ∤కు సమానంగా చూడాలని యూనికోడే నిర్దేశించింది. కీబోర్డు గీతకు అదే అడ్డగీత తగిలిస్తే ఆ సమానత్వం ఉండదు. ముద్రణలో తేడా తెలియకపోవచ్చు, ఫైల్లో ∤ కోసం వెతికితే మాత్రం దొరకదు.

అపోహ: 2224 మామూలు సంఖ్య.

అది పదహారు ఆధారంగా రాసినది. మన దశాంశ లెక్కలో 8740. వర్డ్‌లో 2224 కొట్టి, వెంటనే ఆల్ట్, ఎక్స్ కీలు కలిపి నొక్కితే ∤ వస్తుంది.

అపోహ: తెరపై ఖాళీ డబ్బా కనిపిస్తే కోడ్ తప్పు.

చాలాసార్లు కోడ్ సరిగానే ఉంటుంది, ఆ ఫాంటులో ఈ గుర్తుకు బొమ్మ ఉండదు. గణిత గుర్తులున్న ఫాంటుకు మారిస్తే చాలు. యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంట్ల సంగతి వేరు. వాటిలో ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చున్నాయి. ఆ ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చాక లెక్కల పాఠాల్లోని ప్రతి గీతనూ మనిషి కంటితో చూసి సరిచేయాల్సిందే.