రీల్స్ కాలంలో ధిక్కార పాట పుడుతుందా?

1986, లాహోర్. జనరల్ జియావుల్ హఖ్ పాలన. ఫైజ్ అహ్మద్ ఫైజ్ కన్నుమూసి ఏడాది దాటింది. ఆయన కవిత్వమంటే అప్పటి సర్కారుకు గిట్టదు. అయినా గాయని ఇక్బాల్ బానో అల్‌హమ్రా హాలులో ఆయన నజ్మ్ 'హమ్ దేఖేంగే' పాడారు. హాలంతా నినాదాలతో మారుమోగింది. రేడియో, టీవీ ప్రభుత్వం చేతిలో ఉన్నా ఆ రికార్డింగ్ క్యాసెట్లలో చేతులు మారుతూ దేశం దాటింది.

ఇప్పుడు క్యాసెట్ అక్కర్లేదు, ఫోన్ చాలు. మరి అలా ఎదురుతిరిగే పాట, దాని వెంట నడిచే జనం ఇప్పుడూ సాధ్యమేనా?

కష్టమే అంటారు కొందరు. వాళ్ల వాదనలో నిజం లేకపోలేదు. న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో 1973లో నల్లజాతి యువకుల పార్టీల్లో మొదలైన హిప్‌హాప్ నుంచి పెద్ద హిట్ రికార్డు రావడానికి 1979 దాకా పట్టింది. ఆ ఆరేళ్లూ అది తన పేటలోనే, తన జనం మధ్యే పెరిగింది. ఇప్పుడు పొద్దున పెట్టిన పాట సాయంత్రానికి ఊరంతా తిరిగి, మర్నాటికి పాతబడిపోతోంది.

ట్యునీషియా జవాబు

అయితే ట్యునీషియాలో జరిగింది వేరు. స్ఫాక్స్ నగరానికి చెందిన యువ ర్యాపర్ హమాదా బెన్ అమోర్ (ఎల్ జెనెరాల్) 2010 నవంబర్‌లో ఫేస్‌బుక్‌లో ఒక పాట పెట్టాడు. పేదరికం, పోలీసుల దౌర్జన్యం, అవినీతి గురించి అధ్యక్షుడు బెన్ అలీనే నేరుగా నిలదీశాడు. డిసెంబర్ 17న సీదీ బూజీద్‌లో తోపుడుబండి వ్యాపారి మొహమ్మద్ బువజీజీ ఒంటికి నిప్పంటించుకోవడంతో జనం వీధుల్లోకి వచ్చారు. ఆ పాట వాళ్ల పాటైంది. జనవరి 6న ర్యాపర్‌ని అరెస్టు చేశారు, కొద్ది రోజులకే వదిలేశారు. జనవరి 14న బెన్ అలీ దేశం విడిచి పారిపోయాడు.

విప్లవం పాట వల్లే రాలేదు. కానీ జనం గుండెల్లో ఉన్న మాటకు అది గొంతునిచ్చింది. ఇంటర్నెట్ చేసిన పని ఒక్కటే, మోసుకెళ్లడం. బాధ, కోపం మాత్రం వీధిలోవే.

కుర్లా గల్లీ నుంచి సినిమా దాకా

ముంబై కథలో ఇంకో మలుపు ఉంది. కుర్లాకు చెందిన ముస్లిం కుర్రాడు నేజీ 2014లో ఐప్యాడ్‌తో తీసిన 'ఆఫత్' వీడియోతో గల్లీ ర్యాప్ నలుగురికీ తెలిసింది. మరుసటి ఏడాదే డివైన్‌తో కలిసి 'మేరే గల్లీ మే' పాడాడు. 2019లో వాళ్ల జీవితాల స్ఫూర్తితో 'గల్లీ బాయ్' సినిమా వచ్చింది. గల్లీ భాషకు గుర్తింపు దక్కింది, ఎందరో కుర్రాళ్లకు దారి దొరికింది. తర్వాత అదే ర్యాప్ సరుకులు అమ్మే ప్రకటనల్లోకీ చేరింది. ఒకప్పుడు పాటను సర్కారు నొక్కేసేది, ఇప్పుడు మార్కెట్ కొనేస్తోంది. మొదటిది కంటికి కనిపిస్తుంది, రెండోది కనిపించదు.

కాబట్టి ధిక్కార పాట ఇప్పుడూ పుడుతుంది. అది నిలవాలంటే లైకులు చాలవు, పక్కన నిలబడే మనుషులు కావాలి. 2019-20 చలికాలంలో పౌరసత్వ చట్టంపై నిరసనల్లో 'హమ్ దేఖేంగే' మళ్లీ వినిపించింది. ఫోన్లలో తిరిగింది నిజమే, కానీ దానికి ప్రాణం పోసింది షాహీన్‌బాగ్ లాంటి చోట్ల చలిలో కూర్చున్న అమ్మలు, నానీలు.

సంగీతం విషయంలో ముస్లిం ఇళ్లలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. అవి అలాగే ఉండనీ. కానీ పిల్లాడి చేతిలో ఫోన్ లాక్కునే ముందు, ఆ పాటలో వాడు వింటున్న బాధ ఎవరిదో ఒక్కసారి అడిగితే నష్టమేమీ లేదు.