పిసకకుండానే కరకరలాడే రొట్టె



రొట్టె చేయాలంటే మనం ముందు ఏం చేస్తాం? పిండి తడుపుతాం. పిసుకుతాం. మళ్లీ పిసుకుతాం. రెక్కలు గుంజుతాయి. అయినా పిసుకుతాం.

పిసకకుండా రొట్టె అవుతుందా? అవుతుంది. ఎట్లాగో చదవండి.

గోదావరిఖనిలో ఒక కాలనీ. ఆ కాలనీలో ఒక క్వార్టర్. ఆ ఇంటి మగమనిషికి ఆ వారం మొదటి షిఫ్టు. పొద్దున్నే బాయికి పోవాలి. కోడలు చీకటితోనే లేచింది. చపాతీల పిండి పిసుకుతోంది. అత్తమ్మకు మెలకువ వచ్చింది.

"ఏంది బిడ్డా, చెయ్యి అట్ల పట్టుకున్నవ్?"

"మణికట్టు గుంజుతాంది అత్తమ్మా. ఇంకా ఆరు చపాతీలు కావాలె."

"రేపు సర్వపిండి చేద్దాం తియ్యి. దానికి పిసుకుడు లేదు."

"పిసకకుంటే పిండి ఎట్ల అతుకుతది అత్తమ్మా?"

అత్తమ్మ నవ్వింది. "అది నాకేం ఎరుక బిడ్డా? మా అమ్మ చేసింది. నేను చేస్తున్న. నాకు సదువు రాదు గదా!"

అత్తమ్మ మాటలో సగమే నిజం. ఆమెకు అక్షరాలు రావు. కానీ ఆమె చేతికి చాలా తెలుసు. ఆ చెయ్యి చేసే ప్రతి పనికీ ఒక కారణం ఉంది. ఆ కారణాలు ఇప్పుడు తెలుసుకుందాం.

పేర్లు వేరు, రొట్టె ఒకటే

సర్వ అంటే గిన్నె. సర్వలో ఒత్తి కాల్చేది కాబట్టి సర్వపిండి. కొందరు సర్వప్ప అంటారు. కొందరు గిన్నెప్ప అంటారు. ఇంకొందరు తపాలా చెక్క అంటారు.

గోదావరిఖనికి ఎన్నో ఊర్ల నుంచి జనం బాయి పనికి వచ్చారు. అందుకే ఒకే గల్లీలో ఒకే రొట్టెకు మూడు పేర్లు వినబడతాయి. కోస్తా వైపు వాళ్లు దిబ్బరొట్టె చేస్తారు. మినప్పప్పు రుబ్బి, బియ్యపు రవ్వ కలిపి, మందంగా గిన్నెలో పోసి, మూత పెట్టి సన్నటి సెగ మీద కాలుస్తారు. దానికీ పిసుకుడు లేదు. అడుగు ఎర్రగా, కరకరలాడుతూ వస్తుంది.

గోధుమపిండిని ఎందుకు పిసుకుతాం?

గోధుమపిండిలో ఒక రకం బంక ఉంటుంది. దాన్ని గ్లూటెన్ అంటారు. పిండి తడిసినప్పుడు ఆ బంక పుడుతుంది. పిసికిన కొద్దీ అది సాగుతుంది. వల అల్లుకున్నట్టు అల్లుకుంటుంది. అందుకే చపాతీ చిరగకుండా పలుచగా సాగుతుంది.

కావాలంటే మీరే చూడండి. నిమ్మకాయంత గోధుమపిండి ముద్ద తీసుకోండి. బాగా పిసకండి. అరగంట ఆగండి. తర్వాత గిన్నెడు నీళ్లలో ముద్దను మెల్లగా కడగండి. నీళ్లు తెల్లగా అవుతాయి. నీళ్లు మార్చి మళ్లీ కడగండి. చివరికి చేతిలో రబ్బరులాంటి ముద్ద మిగులుతుంది. అదే ఆ బంక.

బియ్యప్పిండి ముద్దను అట్లాగే కడగండి. చేతిలో ఏమీ మిగలదు. పిండి అంతా నీళ్లలో కలిసిపోతుంది. బియ్యంలో ఆ బంక లేదు. జొన్నల్లోనూ లేదు. కాబట్టి బియ్యప్పిండిని ఎంత పిసికినా గోధుమపిండిలా సాగదు.

మరి సర్వపిండి ఎట్లా అతుకుతుంది?

గంజిని గుర్తు చేసుకోండి. అన్నం ఉడికితే గంజి చిక్కబడుతుంది. చేతికి అంటుకుంటుంది. బియ్యప్పిండికి వేడి, నీళ్లు రెండూ తగిలితే అది గంజిలా బంకగా మారుతుంది. సర్వపిండిని పట్టి ఉంచేది ఈ గంజి బంకే. జొన్నరొట్టెకు మసిలే నీళ్లు పోస్తాం కదా! అదీ ఇందుకే.

అంటే ఏమిటి? గోధుమపిండికి చేతి బలం కావాలి. బియ్యప్పిండికి వేడి కావాలి.

కావలసినవి

బియ్యప్పిండి – 2 గ్లాసులు
పచ్చి శనగపప్పు – 3 చెంచాలు
పల్లీలు – ఒక గుప్పెడు
నువ్వులు – 2 చెంచాలు
ఉల్లిగడ్డ – 1
ఎల్లిపాయ రెబ్బలు – 5 లేక 6
పచ్చిమిరపకాయలు – 4, లేదా కారం 1 చెంచా
జీలకర్ర – అర చెంచా
కరివేపాకు, కొత్తిమీర – కొద్దిగా
ఉప్పు – తగినంత
నూనె – ఒక్కో రొట్టెకు 2 చెంచాలు
గోరువెచ్చటి నీళ్లు – సుమారు 1 గ్లాసు

ఈ కొలతతో మూడు నాలుగు రొట్టెలు అవుతాయి.

చేసే పద్ధతి

1. శనగపప్పును గంటసేపు నానబెట్టాలి.

2. పల్లీలు వేయించి, పొట్టు తీసి, కచ్చాపచ్చాగా దంచాలి. ఎల్లిపాయ, పచ్చిమిర్చి, జీలకర్ర కలిపి నూరాలి. ఉల్లిగడ్డ సన్నగా తరగాలి.

3. నీళ్లు, నూనె తప్ప అన్నీ పిండిలో వేసి కలపాలి. తర్వాత గోరువెచ్చటి నీళ్లు కొంచెం కొంచెంగా పోయాలి. నీళ్లన్నీ ఒకేసారి పోయవద్దు. ఉల్లిగడ్డలోనూ నీరు ఉంటుంది. ముద్ద చేతికి మెత్తగా రావాలి. కారిపోకూడదు. అంతే. పిసికే పని లేదు.

4. చల్లటి మందపాటి గిన్నె తీసుకోవాలి. అడుగుకు, పక్కలకు నూనె రాయాలి. ముద్దను పెట్టి, తడి చేత్తో అడుగంతా పలుచగా ఒత్తాలి.

5. వేలితో అయిదారు చోట్ల రంధ్రాలు చేయాలి. రంధ్రాల్లో కొద్దికొద్దిగా నూనె వేయాలి.

6. గిన్నెను పొయ్యి మీద పెట్టి, మూత పెట్టాలి. మంట సన్నగా ఉండాలి. పది నిమిషాల తర్వాత మూత తీసి చూడాలి. పైన పచ్చిదనం పోయి ఉండాలి. ఆ తర్వాత మూత లేకుండా ఇంకో మూడు నాలుగు నిమిషాలు ఉంచాలి. అంచులు ఎర్రబడి గిన్నెను వదులుతాయి. అప్పుడు అట్లకాడతో తీయాలి.

ఎందుకు? ఎందుకు?

కోడలు పక్కన నిలబడి అత్తమ్మ చెయ్యిని చూసింది. అడుగడుగునా ప్రశ్నలే అడిగింది.

గిన్నె చల్లగానే ఎందుకు ఉండాలి? వేడి గిన్నెలో ఒత్తితే చెయ్యి కాలుతుంది. పైగా పిండి తగిలిన చోటే అతుక్కుంటుంది. సమంగా పరుచుకోదు. రెండో రొట్టె వేసే ముందు గిన్నెను దించి చల్లారనివ్వాలి. తర్వాత బయటి నుంచి అడుగున చన్నీళ్లు పోయాలి. రెండు గిన్నెలు ఉంటే ఇంకా మంచిది. ఒకటి కాలుతుంటే ఇంకొకటి చల్లారుతుంది.

రంధ్రాలు ఎందుకు? పిండిలోని నీరు ఆవిరి అవుతుంది. ఆ ఆవిరి పోవడానికి దారి కావాలి. రంధ్రాల గుండా నూనె అడుగుకు చేరుతుంది. రంధ్రం చుట్టూ కూడా కరకరలాడుతుంది.

మూత ఎందుకు? రొట్టెను మనం తిప్పివేయం. మంట కింద ఉంది. మరి పైభాగం ఎట్లా ఉడకాలి? ఆవిరితో ఉడకాలి. మూత ఆ ఆవిరిని పట్టి ఉంచుతుంది.

చివర్లో మూత ఎందుకు తీయాలి? నీళ్లు 100 డిగ్రీల వేడి దగ్గర మసులుతాయి. పిండిలో తడి ఉన్నంత సేపు దాని వేడి అంతకు మించదు. తడి పోయాకే వేడి ఇంకా పెరుగుతుంది. సుమారు 140 డిగ్రీలు దాటితే పిండి ఎర్రబడి, కమ్మటి వాసన వస్తుంది. అందుకే తడి పోనివ్వాలి.

మంట పెద్దగా పెడితే? అడుగు మాడుతుంది. లోపల పచ్చిగా ఉంటుంది. తొందరపడితే రెండూ చెడుతాయి.

అమెరికాలోనూ ఇదే ముచ్చట

జిమ్ లేహీ అనే ఆయన న్యూయార్క్ నగరంలో రొట్టెలు కాల్చి అమ్మే మేస్త్రి. 2006లో ఆయన పద్ధతి ఒక పెద్ద పత్రికలో వచ్చింది. ఆయన చేసేది గోధుమపిండి రొట్టె. అయినా పిసకడు!

పిండి, నీళ్లు, ఉప్పు, చిటికెడు ఈస్ట్ కలుపుతాడు. ఈస్ట్ అంటే పిండిని పొంగించే సూక్ష్మజీవి. నీళ్లు కాస్త ఎక్కువే పోస్తాడు. 12 నుంచి 18 గంటలు మూత పెట్టి వదిలేస్తాడు. అంతసేపు నానితే గోధుమలోని బంక తనంతట తానే అల్లుకుంటుంది. చేతి పనిని కాలం చేసి పెడుతుంది. తర్వాత బరువైన గిన్నెలో వేసి, మూత పెట్టి, మండే భట్టీలో కాలుస్తాడు. చివర్లో మూత తీస్తాడు. పైపెంకు కరకరలాడుతుంది.

చూశారా! బరువైన గిన్నె, మూత, చివర్లో మూత తీయడం. అత్తమ్మ చేసిందీ ఇదే. ఆయన పద్ధతి పత్రికలో అచ్చయింది. దేశదేశాలకు చేరింది. అత్తమ్మ పద్ధతి ఆమె చేతిలోనే ఉండిపోయింది.

సద్దిలోకి పెట్టేటప్పుడు

వేడి రొట్టెను వెంటనే డబ్బాలో పెట్టి మూత బిగించవద్దు. ఆవిరి లోపలే నీరు అవుతుంది. రొట్టె మెత్తబడుతుంది. తొందరగా పాడవుతుంది కూడా. పూర్తిగా చల్లారాకే పెట్టాలి. సొరకాయ తురుము కలిపినా బాగుంటుంది. అప్పుడు నీళ్లు తక్కువ పోయాలి. ఆ రొట్టెను ఆ పూటే తినేయాలి.

బియ్యప్పిండికి పప్పు, పల్లీలు, నువ్వులు తోడయితే ఒంటికి బలం. ఆ బలం బాయికి పోయే మనిషికే కాదు, ఇంట్లో చాకిరీ చేసే మనిషికీ కావాలి. కాబట్టి నాలుగు రొట్టెలు చేస్తే ఒకటి మీది. అందరూ తిన్నాక మిగిలిన ముక్క కాదు, నిండు రొట్టె.

పొయ్యి సంగతి మరవద్దు

సర్వపిండికి సన్నటి సెగ చాలాసేపు కావాలి. కొందరు బొగ్గుల పొయ్యి మీద కాలుస్తారు. రుచి బాగుంటుంది. కానీ ఒక ప్రమాదం ఉంది.

బొగ్గు గాలి సరిగా ఆడని చోట కాలితే ఒక విషవాయువు పుడుతుంది. దాని పేరు కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు. వాసన లేదు. పొగ కనబడకపోయినా అది ఉండవచ్చు. బాయిలో నిప్పు అంటుకుంటే పుట్టే వాయువు కూడా ఇదే. బ్రిటన్ బొగ్గు గనుల్లోకి వెనుకట చిన్న పసుపుపచ్చ పిట్టలను వెంట తీసుకుపోయేవారు. ఈ వాయువు ఉంటే మనిషి కంటే ముందు పిట్ట సోలిపోయేది. అది చూసి మనుషులు బయటికి పరుగెత్తేవారు. 1986లో ఆ పిట్టల బదులు యంత్రాలు వాడాలని నిర్ణయించారు.

మన వంటింట్లో పిట్టా లేదు, యంత్రమూ లేదు. జాగ్రత్తే ఉంది. బొగ్గుల పొయ్యిని ఆరుబయటే పెట్టండి. చలికాలమైనా, వాన పడుతున్నా తలుపులు మూసిన గదిలో పెట్టవద్దు. కాళ్లు కాచుకోవడానికి నిప్పుల కుంపటిని గదిలో పెట్టుకొని పడుకోవద్దు. నిద్రలోనే ప్రాణం పోతుంది.

పొయ్యి దగ్గర తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చినట్టు ఉంటే వెంటనే బయటి గాలిలోకి రావాలి. ఎవరైనా సోలిపోతే బయటికి తెచ్చి 108కి ఫోన్ చేయాలి.

బాయిలో ఉన్న మనిషి కోసం మనం భయపడతాం. ఇంట్లో ఉన్న మన ప్రాణమూ ప్రాణమే కదా!

కోడలు రాసుకుంది

మరునాడు సర్వపిండి అయింది. కరకరలాడింది. కోడలు నోట్‌బుక్ తెచ్చింది.

"అత్తమ్మా, పిండి ఎంత పోసినవ్?"

"చేతికి వచ్చినంత."

"చేతికి వచ్చినంత అని రాస్తే నా బిడ్డకు ఏం తెలుస్తది? ఈ గ్లాసుతో కొలువు."

అత్తమ్మ కొలిచింది. కోడలు రాసింది. తర్వాత రాసింది చదివి వినిపించింది. అత్తమ్మ చెవి పెట్టి విన్నది.

"నూనె రెండు చెంచాలు కాదు బిడ్డా. ఒక్కో రొట్టెకు రెండు. సరిగ రాయి" అన్నది.

కోడలు కొట్టివేసి, మళ్లీ రాసింది.

చదివారు కదా! జవాబులు రాయండి

1. మీ ఇంట్లో సర్వపిండిని ఏ పేరుతో పిలుస్తారు?
2. బియ్యప్పిండిని పిసకవలసిన పని ఎందుకు లేదు?
3. రొట్టె మీద మూత ఎందుకు పెట్టాలి? చివర్లో ఎందుకు తీయాలి?
4. 2 గ్లాసుల పిండితో 4 రొట్టెలు అయితే, 10 రొట్టెలకు ఎన్ని గ్లాసుల పిండి కావాలి?
5. బొగ్గుల పొయ్యిని గదిలో ఎందుకు పెట్టకూడదు?
6. మీ అమ్మ లేదా అత్తమ్మ చేతి వంట ఒకటి కొలతలతో రాయండి. ఆమెకు చదివి వినిపించండి. తప్పులుంటే దిద్దుకోండి.