బాంకులో లేని డబ్బు

మన పండుగల్లో భోజనాల దగ్గర నలుగురు చేరితే సినిమాలూ, రాజకీయాలూ అయ్యాక మాట వ్యాపారం మీదికి మళ్ళడం రివాజు. ఒకరు సాఫ్ట్‌వేర్ కన్సల్టెన్సీ పెడుతుంటారు, ఇంకొకరు హోటల్లో వాటా తీసుకుంటుంటారు, డాక్టర్లు కలిసి సర్జరీ సెంటర్ కొందామంటారు. లాభమెంత అని అందరూ అడుగుతారు. ఆ లాభాన్ని సరిచూసేదెవరు అని అడిగేవారు తక్కువ. (మన సంఘాల్లో కోశాధికారి నివేదిక చదివే వేళకు హాల్లో ఎంతమంది మిగులుతారో మీకు తెలియనిది కాదు.) అందుకే హైదరాబాదులో పుట్టిన సత్యం కంప్యూటర్స్ కథ ఈ సంచికలో మరోసారి నెమరు వేద్దామనిపించింది. నేను ఇంజనీరునే తప్ప ఆడిటర్ను కాను. అయినా ఈ కథ తెలియడానికి పెద్ద చదువేమీ అక్కరలేదు.

1987లో రామలింగరాజుగారు ప్రారంభించిన ఈ సంస్థ 2001లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజి దాకా వచ్చింది. 2008 నాటికి యాభై వేలమందికి పైగా ఉద్యోగులు. అమెరికాలో మొదటి అడుగు సత్యం ఉద్యోగంతోనే పెట్టిన కుటుంబాలు మన మధ్య ఎన్నో వున్నాయి. "మనవాళ్ళ కంపెనీ" అన్న గర్వం సహజమే. 2008 సెప్టెంబరులో ఆ కంపెనీకి మంచి యాజమాన్య పాలనకుగాను గోల్డెన్ పీకాక్ బహుమతి కూడా వచ్చింది. తరువాత వెనక్కి తీసుకున్నారనుకోండి.

నాలుగు నెలలు తిరగకుండానే, 2009 జనవరి 7న, అధ్యక్షుడే బోర్డుకు ఉత్తరం రాశారు. పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల రూపాయల నగదు, బాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనే లేవు! 376 కోట్ల వడ్డీ రాబడి కూడా కల్పితమే. 2008 సెప్టెంబరుతో ముగిసిన మూడు నెలలకు 649 కోట్ల లాభం, అంటే రాబడిలో 24 శాతం, అని చూపారు. నిజంగా వచ్చింది 61 కోట్లు, 3 శాతం.

ఇది ఎలా సాగిందో చూడండి. చేయని పనికి బిల్లు రాస్తే రాబడి పెరుగుతుంది. అమెరికా ప్రభుత్వ సంస్థ ఎస్.ఇ.సి. చెప్పిన ప్రకారం అలాంటి దొంగబిల్లులు ఆరు వేలకు పైమాటే. బిల్లు డబ్బు ఎన్నాళ్ళకూ రాకపోతే అనుమానం వస్తుంది గనుక, వచ్చి బాంకులో పడిందని రాయాలి. బాంకులో అంత డబ్బుంటే దానికి వడ్డీ చూపాలి. మొదట్లో కొద్దిగా వున్న తేడా ఏటేటా పెరిగి, పులిమీద స్వారీలా దిగే దారి లేకుండా పోయిందని ఆ ఉత్తరంలోనే ఒప్పుకున్నారు.

దిగడానికి వేసిన చివరి ఎత్తు నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగిస్తుంది. 2008 డిసెంబరు 16న, రాజుగారి కుటుంబానికి చెందిన మేటాస్ ప్రాపర్టీస్‌ను పూర్తిగాను, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతాన్ని కొనడానికి సత్యం బోర్డు సరేనంది. మొత్తం 160 కోట్ల డాలర్లు. ఇంగ్లీషులో సత్యం పేరును వెనకనుంచి చదివితే మేటాస్. సాఫ్ట్‌వేర్ కంపెనీకి భూములెందుకని మదుపుదారులు మండిపడితే గంటల్లోనే వెనక్కి తగ్గారు. ఆ బేరం సాగివుంటే లేని నగదు ఖర్చయినట్లు రాసేసి, ఆ స్థానంలో నిజమైన ఆస్తులు చూపేవారు. లెక్క సరిపోయేది!

బోర్డులో వున్నవారు సామాన్యులా? హార్వర్డ్ ప్రొఫెసర్ కృష్ణ పాలెపు, పెంటియం చిప్పుతో పేరుపొందిన వినోద్ ధామ్, ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ డీన్ రామమోహనరావు వంటి ఉద్దండులు. ఇక ఆడిటర్లయితే, బాంకు నిల్వల ధ్రువీకరణ పత్రాలు పంపడం, తెప్పించడం కంపెనీ చేతికే వదిలేశారని 2011లో ఎస్.ఇ.సి. తప్పుపట్టింది. పరీక్ష పేపరు పిల్లవాడి చేతే దిద్దించడమన్నమాట.

అదృష్టవశాత్తు అడుగున అసలైన వ్యాపారం వుంది. ఇంజనీర్లు నిజం, చేసిన పని నిజం. ప్రభుత్వం పాత బోర్డును తొలగించి దీపక్ పరేఖ్, కిరణ్ కార్నిక్ వంటివారిని నియమించింది. 2009 ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా షేరుకు 58 రూపాయల చొప్పున వేలంలో గెలుచుకుంది. 2013లో సత్యం అందులో కలిసిపోయింది. 2015 ఏప్రిల్‌లో హైదరాబాదు ప్రత్యేక న్యాయస్థానం రాజుగారితో సహా పదిమందికి ఏడేళ్ళ శిక్ష వేసింది. మరుసటి నెలలో పైకోర్టు ఆ శిక్షను నిలిపి బెయిలిచ్చింది. 2013 కంపెనీల చట్టంలో ఆడిటర్లను మార్చాలన్న నియమం రావడం వెనుక ఈ అనుభవం చాలా వుంది.

మన చిన్న భాగస్వామ్యాల్లో చిక్కు వేరు. "బావగారూ, మనలో మనకు లెక్కలేమిటండీ" అనే మాట దగ్గర నోరు పెగలదు. లాభం కాగితం మీద పెరుగుతున్నా చేతికి నగదు రాకపోతే, నిల్వకు తగ్గ వడ్డీ కనబడకపోతే, భాగస్వామి సొంతవాళ్ళ ఆస్తిని సంస్థ డబ్బుతో కొందామంటే, అప్పుడు అడగాలి. అప్పటికప్పుడు అడగడానికి మొహమాటమైతే, ప్రతి నెలా బాంకు స్టేట్‌మెంటు నేరుగా బాంకునుంచే భాగస్వాములందరి ఇళ్ళకూ రావాలని మొదటి ఒప్పందంలోనే రాసుకోవచ్చు. దానికి ఒక్క వాక్యం చాలు, బావగారు కూడా నొచ్చుకోరు.