పాటిమన్ను తోలిన చేలో పాత నాణెం దొరికితే: మెటల్ డిటెక్టర్ ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ పనికిరాదు

మొన్నటి ఘనజీవామృతం వీడియోలో నా చేతిలో ఆకుపచ్చ తుప్పు పట్టిన చిన్న బిళ్ల ఒకటి కనిపించింది కదా, మందు సంగతి వదిలేసి అందరూ దాని గురించే అడుగుతున్నారు. "అన్నా, మెటల్ డిటెక్టర్ కొంటే మా చేలో కూడా దొరుకుతయా? ఏ జాగాలో తిప్పాలె?" అని. ఒక్కొక్కరికి ఫోన్‌లో చెప్పలేక ఇక్కడ రాస్తున్నా. మట్టి రంగులు, పెంకులు ఎట్లుంటాయో పైన వీడియోలో చూపించాను. మిగతాది చదివితేనే అర్థమవుతుంది.

ముందు నేను ఎట్లా మోసపోయానో చెప్తా. మాది పెద్దపల్లి వైపు. మూడేళ్ల కింద రెండెకరాల చెలకకు పక్క ఊరి పాటిగడ్డ నుంచి 40 ట్రిప్పుల పాటిమన్ను తోలించాను. పాతకాలంలో ఊరు ఉండి లేచిపోయిన జాగాలోని మట్టి అది. బూడిద, పేడ, ఎముకలు, గోడల మట్టి కలిసి వందల ఏళ్లు మాగి ఉంటుంది. మా తాతల నుంచి అదే బలమైన ఎరువని తోలుకుంటున్నారు. మరుసటి ఎండాకాలం దుక్కిలో ఒక రాగి బిళ్ల, ఇంకో వారానికి బూడిద రంగులో బరువైన బిళ్ల దొరికాయి. ఇంట్లో చూపించడమే నేను చేసిన తప్పు. "ఒకటి పైకి వచ్చిందంటే కింద కుప్ప ఉన్నట్టే రా అల్లుడా" అని మా మామ ఎవరినో మిషన్‌తో సహా పట్టుకొచ్చాడు.

ఆయన చేనంతా తిరిగి వేపచెట్టు దగ్గర ఆగాడు. మిషన్ కూసింది. 12 అడుగుల లోతులో బిందె ఉందన్నాడు. ముందుగా 15 వేలు, పూజ ఖర్చు వేరే. జేసీబీ పెట్టి తవ్వితే దొరికింది విరిగిన నాగలి కర్రు, బోరు పైపు క్లాంపు. అవి కూడా అడుగున్నర లోతులోనే! ఆ తర్వాత 12 అడుగుల దాకా తవ్వినా ఏమీ లేదు. డబ్బు పోతే పోయింది. మూడేళ్లు అచ్ఛాదన వేసి, జీవామృతం పోసి తయారుచేసుకున్న పైమట్టి మీద కింద ఉన్న సున్నపు గరుసు వచ్చి పడింది. వేపచెట్టు వేర్లు తెగి ఆ ఏడే ఎండిపోయింది. ఆ గుంత పూడ్చిన జాగాలో ఇప్పటికీ కంది సరిగా రాదు.

నేను అప్పుడు వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే. ఈ నాణెం ఈ నేలదేనా, లేక మట్టితో పాటు వచ్చిందా?

ఈ పనిని ఒక హాబీగా, చట్టానికి లోబడి చేసే దేశం ఇంగ్లండ్. అక్కడి వాళ్లు ఎక్కువగా తిరిగేది గుళ్ల దగ్గరో కోటల దగ్గరో కాదు, రైతు అనుమతి తీసుకుని దున్నిన పొలాల్లో. ఆ పొలాల్లోకి నాణేలు ఎట్లా వచ్చాయో చూస్తే మనకు నవ్వొస్తుంది. చాలావరకు పేడతో వచ్చాయి! మధ్యయుగంలో ఇంటి చెత్త, పొయ్యి బూడిద, పశువుల కొట్టం ఎరువు అన్నీ ఒకే దిబ్బలో వేసేవాళ్లు. ఇంట్లో జారిపోయిన నాణెం, తెగిన బెల్టు బిళ్ల, పగిలిన కుండ పెంకు దాంతో పాటే బండి ఎక్కి పొలంలో పడ్డాయి. అందుకే అనుభవం ఉన్నవాళ్లు మిషన్ కంటే ముందు పెంకులను చూస్తారు. పొలమంతా అక్కడక్కడా పలచగా, అరిగిన చిన్న పెంకులు ఉంటే అది ఎరువుతో వచ్చిన సరుకు. ఒకే చోట చిక్కగా, అంచులు పదునుగా ఉన్న పెంకులు, పక్కనే ఎముకలు, కాలిన మట్టి ఉంటే అక్కడ మనుషులు బతికారని అర్థం. నా చేలో ఉన్నది మొదటి రకం. 40 ట్రిప్పులు తోలించింది నేనే, అయినా ఆ సంగతే తట్టలేదు.

మనుషులు బతికిన జాగాను గుర్తుపట్టడానికి మనలాంటివాళ్లకు నచ్చే ఇంకో ఆనవాలు భాస్వరం. స్వీడన్‌లో ఓలోఫ్ అర్రేనియస్ అనే నేల శాస్త్రవేత్త 1920లు, 30లలో చెరకు దుంప అంటే షుగర్ బీట్ పొలాల మట్టి పరీక్షలు చేస్తుంటే, కొన్ని చోట్ల భాస్వరం అంతుపట్టనంత ఎక్కువగా వచ్చింది. ఆ జాగాల్లో పాత ఊళ్లు ఉండేవని తేలింది. ఎముకలు, పేడ, మనుషుల మలం, బూడిద నుంచి దిగిన భాస్వరం నత్రజనిలాగా కొట్టుకుపోదు, మట్టికి అంటుకుని వందల ఏళ్లు అక్కడే ఉంటుంది. పురావస్తు శాఖల వాళ్లు ఇప్పటికీ ఈ పరీక్షను వాడతారు. మన పాటిమన్ను ఎందుకు పనిచేస్తుందో కూడా ఇందులోనే తెలిసిపోతుంది.

ఇక బతికిన జాగా దొరికినా నాణేలు అంతటా ఉండవు. డబ్బు చేతులు మారిన చోట, నడిచిన చోట జారుతుంది. ఇంగ్లండ్‌లో పాత పటాలు తీసి సంతలు జరిగిన మైదానాలు, కాలిబాటలు, వాగు దాటే రేవులు, కంచెలోని పాత దారులు చూసుకుంటారు. మన దగ్గరా లెక్క అదే. గోదావరిలో పెద్దవాగు కలిసే చోట ఉన్న కోటిలింగాలలో తొలి శాతవాహనుల నాణేలు, వాళ్ల ముందటి రాజుల నాణేలు దొరికాయంటే అది రేవు జాగా కావడం కూడా ఒక కారణం అంటాను నేను. మా జిల్లాలోనే పెద్దబొంకూరు, ధూళికట్ట తవ్వకాల్లోనూ శాతవాహన నాణేలు వచ్చాయి. ఇక్కడ ఒక మాట. శాతవాహనులు సీసంతో కూడా నాణేలు పోశారు. అవి మెరవవు, బూడిద రంగులో, వల గుండులాగా ఉంటాయి. నాకు దొరికిన రెండో బిళ్ల అదే. పనికిరాని ముక్క అనుకుని గట్టు మీద పారేయబోయాను.

మిషన్ సంగతి. పైన ఉన్న చుట్టలో కరెంటు పారి అయస్కాంత క్షేత్రం పుడుతుంది, అది మట్టిలోని లోహంలో చిన్న ప్రవాహాన్ని పుట్టిస్తుంది, దాన్ని మిషన్ పట్టుకుంటుంది. అంతే. రూపాయి సైజు నాణేన్ని మామూలు మిషన్ పట్టేది జానెడు, మహా అయితే జానెడు మీద నాలుగు వేళ్లు. పెద్ద పాత్ర అయితే ఇంకొంచెం లోతు. 12 అడుగుల కింద బిందె చూపించే చేతి మిషన్ లేదు, ఎవరైనా ఉందంటే ఆ మనిషిని గట్టు దాటించండి. మన ఎర్ర చెలకల్లో ఐరన్ ఆక్సైడ్ ఎక్కువ కాబట్టి మిషన్ ఊరికే కూస్తుంది, దాన్ని నేలకు సరిచేసుకోవాలి. తడిసిన చవుడు నేల ఇంకా అన్యాయం. గుట్కా ప్యాకెట్ల రేకు పొర, సీసా మూతలు, రోటవేటర్ బోల్టులు కూడా నాణెంలాగే పిలుస్తాయి.

నేలలో నాణెం ఎట్లా పాడవుతుందో కూడా చెప్పాలి, ఇది మన పద్ధతికి దగ్గరి విషయం. రాగికి, కంచుకు పెద్ద శత్రువు క్లోరైడ్. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ అంటే పొటాషియం క్లోరైడ్, బరువులో సగానికి దగ్గరగా క్లోరైడే. ఏటా బస్తాలు వేసే నేలలో లోహం తొందరగా తినేస్తుంది. దానికి తోడు లోతు దుక్కి కుండలను పగలగొడుతుంది, రోటవేటర్ నాణేలను వంచుతుంది. వెయ్యేళ్లు కదలకుండా ఉన్నది 30 ఏళ్లలో పొడి అవుతుంది. తక్కువ దున్ని, అచ్ఛాదన వేసే మన చేలు ఈ లెక్కన కింద ఉన్నదాన్ని కాపాడుతున్నట్టే.

దొరికిన తర్వాత ఏం చేయాలన్నదానికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ హాక్స్‌నీ. ఇంగ్లండ్‌లోని సఫోక్‌లో 1992 నవంబర్‌లో ఒక రైతు పొలంలో సుత్తి పోగొట్టుకున్నాడు. వెతికిపెట్టమని ఎరిక్ లాస్ అనే రిటైరైన మిత్రుడిని అడిగాడు. సుత్తి కోసం మిషన్ తిప్పితే రోమన్ కాలపు బంగారు, వెండి నాణేలు బయటపడ్డాయి. ఆయన కొంచెం తీసి, మిగతాది తవ్వకుండా ఆపి కబురు పెట్టాడు. పురావస్తు నిపుణులు మరుసటి రోజే వచ్చి తవ్వారు. చివరికి లెక్క 14,865 నాణేలు, ఇంకా 200 దాకా వెండి, బంగారు వస్తువులు. అవి ఒక చెక్క పెట్టెలో ఎట్లా సర్ది పెట్టారో కూడా తెలిసింది, ఆయన తవ్వేసి ఉంటే అది తెలిసేది కాదు. బహుమానం 17.5 లక్షల పౌండ్లు, దాన్ని రైతుతో పంచుకున్నాడు. సుత్తి కూడా దొరికింది, అది ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

ఇంగ్లండ్‌లో 1996 నాటి ట్రెజర్ చట్టం ప్రకారం నిధి అనిపించేది దొరికితే 14 రోజుల్లో చెప్పాలి. మన దగ్గర ఇంకా పాత చట్టమే, 1878 నాటి ఇండియన్ ట్రెజర్ ట్రోవ్ చట్టం. మట్టిలో దాచినది 10 రూపాయల విలువ దాటితే చాలు, ఏం దొరికింది, ఎక్కడ, ఏ తేదీన అని కలెక్టర్‌కు రాసి ఇవ్వాలి. సొంత పొలంలో దొరికినా సరే. విచారణలో సొంతదారు ఎవరూ లేరని తేలితే, భూమి వేరొకరిదైతే, మామూలుగా నాలుగింట మూడు వంతులు దొరికినవాళ్లకు, ఒక వంతు భూమి యజమానికి. సర్కారు తీసుకోవాలనుకుంటే లోహం విలువకు ఐదో వంతు కలిపి ఇస్తుంది. దాచిపెడితే మన వాటా పోతుంది, ఏడాది దాకా జైలు కూడా పడొచ్చు. కౌలుకిచ్చిన భూమి అయితే ఈ వాటాల సంగతి ముందే గుర్తుపెట్టుకోండి, గొడవలు అక్కడే వస్తాయి. వందేళ్లు దాటిన నాణెం 1972 చట్టం కింద పురావస్తువు. లైసెన్సు లేకుండా వాటి వ్యాపారం చేయడం నేరం, విదేశాలకు పంపడం ఇంకా పెద్ద నేరం. వాట్సాప్‌లో ఫొటో పెట్టి "రేటు చెప్పండి" అనేవాళ్లు ఇది చూసుకోవాలి. రక్షిత కట్టడాలు, దిబ్బల దగ్గర అనుమతి లేకుండా గడ్డపార వేయడం అసలే కుదరదు.

కాబట్టి మిషన్ కొనాలా అంటే, నాణేల కోసం వద్దనే నా మాట. పోయిన బోల్టు, విరిగిన కల్టివేటర్ పళ్లు, మట్టిలో కూరుకుపోయిన గేట్ వాల్వ్ వెతకడానికి అయితే నలుగురు రైతులు కలిసి ఒకటి కొనుక్కోవచ్చు, టైరు పంక్చర్లు తగ్గుతాయి. పాటిమన్ను మాత్రం నేను ఆపేశాను. ఆ గడ్డ మళ్లీ పుట్టేది కాదు, ట్రిప్పుకు ఇంత అని అమ్ముకుంటుంటే అందులో ఏముందో చూసేవాడే లేడు. భాస్వరానికి చెరువు మట్టి, ఘనజీవామృతం, పచ్చిరొట్టతో నెట్టుకొస్తున్నా. మొదటి ఏడు దిగుబడి కొంచెం తగ్గిన మాట నిజం.

నా మూడు బిళ్లలను, వీడియోలో చూసిన దానితో సహా, కాగితం రాసి పోయిన నెల అప్పగించాను. ఏ ట్రిప్పు మట్టి ఏ మడిలో పోశానో గీసిన పటం కూడా జతచేశాను, ఎందుకంటే నాణేలు నా చేలో దొరికినా అవి పుట్టిన జాగా పక్క ఊరి గడ్డ. రసీదు కోసం రెండుసార్లు తిరగాల్సి వచ్చింది. మా మామకు ఆ రసీదు చూపిస్తే, "గిదేనా మనకు మిగిలింది" అన్నాడు.