గేటు ముందు చెట్టు ఎవరిది?

మా వీధి మలుపులో ఒక కానుగ చెట్టుంది. మొన్న దాని పక్కన నిలబడి మేకులు లెక్కపెట్టాను. పదిహేడు! ట్యూషన్ బోర్డువి కొన్ని, టూలెట్ బోర్డువి కొన్ని. మొక్కగా ఉన్నప్పుడు పెట్టిన ఇనుప జాలీని ఎవరూ తీయలేదు. అది బెరడులోకి దిగిపోయింది. కాండం దాకా సిమెంటు పోసేశారు. ‘రోడ్డు మీద చెట్టే కదండీ, దీనికీ చట్టముందా?’ అన్నాడు ఎదురు షాపాయన. ఉంది. ఒకటి కాదు, చాలానే ఉన్నాయి.

అపోహ: మేం నాటిన చెట్టు, మేం కొట్టుకోవచ్చు.

వాస్తవం: నీళ్లు పోసి పెంచింది మీరే కావచ్చు, కానీ రోడ్డు స్థలంలో ఉన్న చెట్టు మీ సొత్తు కాదు. అసలు సొంత పెరట్లో చెట్టు కొట్టాలన్నా అనుమతి కావాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అమల్లో ఉంది. అదే ‘వాల్టా’. ఇసుక, బోర్ల గొడవల్లో ఆ పేరు అందరూ వింటారు గానీ, అందులో చెట్లూ ఉన్నాయని చాలామందికి తెలియదు. సరుగుడు, నీలగిరి, సుబాబుల్ వంటి వాటికి మినహాయింపు ఉంది. వేప, చింత, రావి లాంటి వాటికైతే ముందు దరఖాస్తు పెట్టుకోవాలి, రంపం సంగతి ఆ తర్వాతే.

‘మా స్థలం, మా ఇష్టం’ అనే వాళ్లు 2025 మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును గుర్తుంచుకోవాలి. తాజ్‌మహల్ చుట్టూ ఉన్న రక్షిత ప్రాంతంలో, మథుర–బృందావన్ దగ్గర ఒక ప్రైవేటు స్థలంలో 454 చెట్లు అనుమతి లేకుండా నరికేశారు. కోర్టు చెట్టుకు లక్ష రూపాయల చొప్పున జరిమానా వేసింది. అన్ని చెట్లు కొట్టడం మనిషిని చంపడం కన్నా ఘోరమని వ్యాఖ్యానించింది. ఆ మాట నాకు అతిగా అనిపించలేదు. అలాంటి పచ్చదనం మళ్లీ రావాలంటే తరాలు పడుతుంది.

అపోహ: డివైడర్ మీది పూలమొక్క పీక్కెళ్తే దొంగతనమా?

వాస్తవం: దొంగతనమే. భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ దీన్ని చక్కగా వివరిస్తుంది. నేలలో పాతుకుని ఉన్నంతవరకు మొక్క స్థిరాస్తి లాంటిదే. కాజేసే ఉద్దేశంతో దాన్ని నేల నుంచి వేరు చేసిన క్షణమే దొంగతనం జరిగినట్టు. ఇంటికి చేరేదాకా ఆగక్కర్లేదు. పాత ఐపీసీలోనూ ఇదే వివరణ ఉండేది. జీ20 సదస్సుల కోసం గురుగ్రామ్‌లో పెట్టిన పూలకుండీలను 2023లో కారులో ఎత్తుకెళ్లిన వ్యక్తిని వీడియో పట్టించింది. పోలీసులు అరెస్టు చేశారు.

అపోహ: కొట్టలేదుగా, మేకే కదా కొట్టాం.

వాస్తవం: నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. చెట్టును చంపాలంటే గొడ్డలే అక్కర్లేదు. కాండం చుట్టూ బెరడు ఒలిచేస్తే ఆకుల్లో తయారైన ఆహారం వేళ్లకు చేరదు. మొదలు చుట్టూ సిమెంటు పోస్తే వేళ్లకు నీరూ గాలీ అందవు. చూస్తూ చూస్తూ కొన్నేళ్లకు ఎండిపోతుంది, ‘ఎండిన చెట్టే కదా’ అని కొట్టేస్తారు. ఢిల్లీ 1994 చెట్ల చట్టాన్ని ఇలాంటి దొంగదెబ్బలు తెలిసినట్టే రాశారు. బెరడు ఒలవడం, మందు పోయడం, కాల్చడం కూడా అక్కడ చెట్టును కొట్టినట్టే లెక్క. 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ అక్కడి చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తొలగించమని, బోర్డులు తీసేయమని ఆదేశించింది.

అపోహ: సర్కారు రోడ్డు వేస్తే అడ్డేముంది?

వాస్తవం: హైదరాబాద్ శివారులోని అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా చేవెళ్ల దారిలో ఉన్న దాదాపు 900 మర్రిచెట్ల కోసం జనం ట్రిబ్యునల్‌కు వెళ్లారు, రోడ్డు విస్తరణ పనులు కొన్నేళ్లు ఆగిపోయాయి. సర్కారైనా సరే, మొక్కలు నాటి వదిలేయడం కూడా చెల్లదు. తెలంగాణ 2019 మున్సిపల్ చట్టం ప్రకారం నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి.

ఇదంతా చెప్పాక షాపాయన లోపలికెళ్లి కటింగ్ ప్లేయర్ తెచ్చాడు. పదిహేడింట్లో పదకొండు మేకులు వచ్చాయి. మిగతా ఆరింటి మీద అప్పటికే బెరడు కమ్ముకుంది.