సుత్తియా, మేకుల తుపాకియా?

తెలుగునాట ఇండ్ల గోడలను ఇటుకలతోను, రాతితోను కట్టుట పరిపాటి. అమెరికా సంయుక్త రాష్ట్రములలో పెక్కు గృహములు కలపతో నిర్మింపబడుచున్నవి. అచటి వడ్రంగులు నిలువు కొయ్యలను సాధారణముగా 16 అంగుళముల ఎడముతో నిలిపి, ఇంటికి అస్థిపంజరము వంటి చట్రమును కట్టుదురు. దానికి వెలుపల పొడవైన సన్నని పలకలను, పైపలక అంచు క్రిందిపలకను కొంత కప్పునట్లు, వరుసగా మేకులతో బిగింతురు. ఈ తొడుగునకు సైడింగు అని పేరు. వానయు, మంచును, ఎండయు మొదట తాకునది దీనినే. కావున పలకలను పట్టియుంచు మేకు చిన్నదైనను దాని బాధ్యత పెద్దది.

పూర్వము మేకు అపురూపమైన వస్తువు. కమ్మరి ఒక్కొక్క మేకును కొలిమిలో కాచి, సాగగొట్టి చేయవలసియుండెను. 17వ శతాబ్దమున వర్జీనియా ప్రాంతమున కొందరు తాము విడిచిపోవు ఇండ్లను తగులబెట్టి, బూడిదనుండి మేకులను ఏరుకొనెడివారు. దానిని మాన్పుటకు అచట శాసనమే చేయవలసివచ్చెను. 18వ శతాబ్దాంతమున మేకులు చేయు యంత్రములు వెలసినవి. అయినను మేకును దిగగొట్టుటకు సుత్తియే గతి. 1950 ప్రాంతమున గాలి ఒత్తిడితో పనిచేయు మేకుల తుపాకి విక్రయమునకు వచ్చెను.

ఈ పరికరమునకు గాలిని అదిమిపట్టు కంప్రెసరునుండి ఒక గొట్టము వచ్చును. తుపాకి మూతిని పలకకు అదిమి మీట నొక్కగనే, గాలి లోపలి ముషలకమును వేగముగా క్రిందికి త్రోయును. దానికి అమర్చిన ఉక్కుకడ్డీ మేకు తలపై ఒక్క దెబ్బ వేయును. మేకు కనురెప్పపాటులో దిగిపోవును. సుత్తితో పెక్కు దెబ్బలు వేయవలసినచోట ఇట్లు ఒక్క దెబ్బయే చాలును. ఒక చేయి పలకను పట్టుకొనుటకు ఖాళీగా నుండును. పెద్ద ఇంటికి వేలకొలది మేకులు కావలసియుండును గనుక ఈ లాభము స్వల్పమైనది కాదు.

అయితే వేగమొక్కటియే చాలదు. మేకు తల పలక ఉపరితలముతో సరిగా సమమై నిలువవలెను. లోతుగా దిగినచో పలకపై గుంట యేర్పడును. అందు వాననీరు నిలిచి, లోనికి ఇంకి, క్రమముగా కలపను క్రుళ్లజేయును. పైకి నిలిచినచో పలక వదులగును. తుపాకి అన్ని మేకులను ఒకే బలముతో కొట్టును. కాని కలప అంతటను ఒకే తీరున నుండదు. మెత్తనిచోట మేకు మునుగును, ముడియున్నచోట ఆగిపోవును. సుత్తి పట్టిన చేతికి ఈ భేదము వెంటనే తెలియును. తదనుగుణముగా చివరి దెబ్బను మెల్లగా వేయవచ్చును. పలక చివరలయందు మేకు కొట్టిన కలప చీలుట కలదు. అచట ముందుగా బెజ్జము వేసి, సుత్తితో కొట్టుట మేలు.

వినైల్ అను ప్లాస్టిక్ పలకల రీతి వేరు. అవి ఎండకు సాగి, చలికి కుంచించుకొనును. అందుచే మేకును పొడవైన రంధ్రము నడుమ కొట్టి, తలక్రింద సుమారు 1/32 అంగుళము సందు విడువవలెను. బిగియ గొట్టినచో వేసవిలో పలకలు ఉబ్బి వంకరలు పోవును.

అపాయమును కూడ తలంపవలెను. సుత్తి తప్పినచో బొటనవ్రేలు నలుగును. తుపాకి తప్పినచో మేకు చేతిలోనో, కాలిలోనో దిగును. 2001 మొదలు 2005 వరకు అమెరికాలో ఏటేట సగటున సుమారు 37,000 మంది ఇట్టి గాయములతో అత్యవసర చికిత్సకు వచ్చిరి. మీటను నొక్కియుంచగా మూతి తగిలినప్పుడెల్ల మేకును విడుచు తుపాకులు కొన్ని కలవు. ప్రతి మేకునకును ముందు మూతిని అదిమి, పిదప మీటను నొక్కవలసినవి మరికొన్ని. మొదటి వానితో గాయపడు ప్రమాదము రెండవ వానికంటె రెండింతలని పరిశోధకులు తెలిపిరి. కంటికి రక్షణయైన అద్దములు ఎట్టి తుపాకికైనను తప్పనిసరి.

కాబట్టి పొడవైన తిన్నని గోడకు తుపాకి తగును. మూలలకు, కిటికీల అంచులకు, చిన్న మరమ్మతులకు సుత్తి తగును. తుపాకితో పనిచేయు నేర్పరి ముందుగా పనికిరాని పలకముక్కపై పరీక్షించి, లోతును సరిచూచుకొనును. పైకి నిలిచిన మేకులను సుత్తితో సరిచేయును. మేకును యంత్రము కొట్టినను, అది సరిగా నిలిచినదా లేదా యని చూడవలసినది వడ్రంగి కన్నే. ఆ చూపు లోపించిన ఇంటి గోడలోనికి తొలి వర్షము దారి వెదకికొనును.