పవర్ స్టీరింగు పనిచేయని పాత కారు

2018 వేసవిలో మేము అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున మా మిత్రులొకరి యింట కొన్ని దినములు గడిపితిమి. వారిది గోదావరి సీమ. ఉద్యోగరీత్యా ఆ దేశమున స్థిరపడి, 1965లో తయారైన ఒక పెద్ద కారును ముచ్చటపడి కొని, కన్నబిడ్డవలె సాకుచుండిరి. ఒకనాటి ఉదయము ఆ కారు క్రింద ఎఱ్ఱని నూనె మడుగు కట్టియుండుట చూచితిమి. పవర్ స్టీరింగు పంపునకు చేరు రబ్బరు గొట్టము చిట్లినది. మరమ్మతు చేయు షెడ్డు నాలుగు మైళ్ల దూరమున నున్నది. మిత్రులు పంపును త్రిప్పు బెల్టును ఊడదీసి, “ఇరవై యేళ్లు అంబాసిడర్ తోలిన చేతులండీ ఇవి! పవర్ స్టీరింగు లేకపోతే మాత్రం ఏమయింది?” అని నవ్వి బయలుదేరిరి. మేము వారి ప్రక్కన కూర్చుంటిమి.

వీధి మొదటి మలుపులోనే చేతి చక్రము సగము తిరిగి బిగిసికొన్నది. కారు తిరుగవలసినంత తిరుగక రోడ్డు రెండవ ప్రక్కకు పోవుచుండగా, సైకిలుపై ఒక బాలుడు ఎదురు వచ్చుచుండెను. మిత్రులు బ్రేకు బలముగా త్రొక్కిరి. కారు నిలిచినది. ఏమి తప్పిపోయినదో తెలియని ఆ బాలుడు చేయి ఊపి వెడలిపోయెను. కొంతసేపు మా యిద్దరికిని మాట రాలేదు. ఇరవై యేండ్ల అనుభవము ఆ క్షణమున ఎందుకు అక్కరకు రాలేదు? ఆ సంగతియే నేటి ప్రసంగ విషయము.

మొదట, నిలిచియున్న కారు చక్రములను త్రిప్పుట ఎందుకు కష్టమో చూతము. టైరు నేలను ఆనుకొనియుండు చోటు అరచేతికన్న కొంచెము పెద్దది. కారు ముందు భాగపు బరువంతయు అట్టి రెండు చోట్ల మీదనే మోపబడి యుండును. కారు కదలక నిలిచియున్నప్పుడు ఆ రబ్బరు నేలను ఒరసికొనుచు మెలితిరుగవలెను. నిండు బియ్యపు బస్తాను ఉన్నచోటనే త్రిప్పజూచిన గృహిణులకు ఈ కష్టము వేరుగా చెప్పనక్కర లేదు. కారు దొరలుచున్నప్పుడో, మెలితిరిగిన రబ్బరు వెంటనే పైకి లేచి సడలును. దాని చోటికి క్రొత్త రబ్బరు వచ్చును. కావున మనిషి నడకంత వేగము వచ్చుసరికే చేతి చక్రము ఎంతో తేలికపడును. 

ఈ బరువును తొలగించుటకు యత్నించినవారిలో ముఖ్యుడు ఫ్రాన్సిస్ డేవిస్ అను అమెరికా ఇంజనీరు. ఆయన పియర్స్-ఆరో కంపెనీ ట్రక్కుల శాఖలో పనిచేసినవాడు. పెద్ద ట్రక్కులను మలుపు త్రిప్పుటకు డ్రైవర్లు పడు పాట్లను దగ్గరనుండి చూచెను. మసాచుసెట్స్ రాష్ట్రములోని వాల్థమ్ పట్టణమున పరిశోధన సాగించి, 1926లో నూనె ఒత్తిడితో పనిచేయు స్టీరింగును తన కారుకు అమర్చి నడిపి చూపెను. కాని ఖర్చు హెచ్చని కార్ల కంపెనీలు వెనుదీసినవి. రెండవ ప్రపంచ యుద్ధమున సైనిక వాహనములలో ఇట్టి యేర్పాటు ఉపయోగపడినది. సామాన్య విక్రయమునకు వచ్చిన కార్లలో మొదటిసారిగా 1951లో క్రైస్లర్ ఇంపీరియల్ కారునకు దీనిని అమర్చిరి.

దీని పనితీరు ఇట్టిది. ఇంజనుచే త్రిప్పబడు బెల్టు ఒక పంపును నడుపును. ఆ పంపు నూనెను ఒత్తిడితో స్టీరింగు పెట్టెకు పంపును. డ్రైవరు చక్రమును ఏ వైపునకు త్రిప్పునో, ఒక కవాటము ఆ వైపునకే నూనెను వదలును. ఆ నూనె పిస్టనును నెట్టి చేతికి సాయపడును. బెల్టు తెగినను, నూనె కారిపోయినను ఈ సాయము మాత్రమే పోవును. చేతి చక్రమునకును రోడ్డుపై చక్రములకును నడుమ గల ఇనుప సంబంధము తెగదు. కావున కారు మన అదుపు పూర్తిగా తప్పిపోదు. ఇది మొదట గుర్తుంచుకొని ధైర్యము తెచ్చుకొనవలసిన మాట.

అట్లయిన, అంబాసిడరునకును దీనికిని భేదమేమి? భేదమంతయు ఇక్కడనే యున్నది. గునపముతో బండరాతిని కదల్చువారు గునపము పొడవైనకొలది తక్కువ బలముతో పని సాధింతురు. చేయి మాత్రము ఎక్కువ దూరము కదలవలెను. పవర్ స్టీరింగు లేకుండ తయారైన కారులో ఇంజనీర్లు ఈ సూత్రమునే పాటింతురు. ఆనాటి పెద్ద అమెరికా కార్లలో, నూనె సాయము లేని రకములందు చేతి చక్రము సుమారు 24 డిగ్రీలు తిరిగినగాని పెట్టె క్రింది ఇనుప చేయి ఒక డిగ్రీ తిరుగదు. నూనె సాయము గల రకములందు సుమారు 17 డిగ్రీలే చాలును. అనగా ఇచ్చట గునపము పొట్టిది. సాయము పోయినచో, చేతి స్టీరింగు కారులో పది కిలోల బలము చాలు చోట దీనికి పదునాలుగు కిలోలు కావలెను. అంతేకాదు, పెట్టెలో మిగిలిన నూనెను కూడ మన చేతి బలముతోనే నెట్టవలెను. బరువు సంగతి చూడబోయిన, అంబాసిడరు సుమారు 1,100 కిలోలు. ఆ అమెరికా కారు 1,800 కిలోలకు పైమాట. మా మిత్రుల చేతులలో బలము తగ్గలేదు. వారు తోలినది అంబాసిడరు కాదు. సాయము కోల్పోయిన వేరొక యంత్రము.

ఇక అట్టి కారును షెడ్డు వరకు చేర్చవలసి వచ్చినప్పుడు పాటింపదగిన నియమములు కొన్ని కలవు. గొట్టము చిట్లినప్పుడు బెల్టు తీయుట మంచిదే. నూనె లేక తిరిగిన పంపు చెడిపోవును, కారిన నూనె వేడెక్కిన పొగగొట్టముపై పడినచో నిప్పంటుకొనవచ్చును. అయితే ఆ బెల్టే నీటి పంపునుగాని, విద్యుత్తు పుట్టించు యంత్రమునుగాని త్రిప్పుచున్నదేమో ముందు చూడవలెను. త్రిప్పుచున్నచో దానిని తీసి కారు నడుపరాదు. ముందు టైర్లలో గాలి తగినంత ఉండవలెను. నిలిచియున్న కారులో చక్రమును త్రిప్పరాదు. కారు కొంచెము కదలిన పిమ్మటనే త్రిప్పవలెను. రెండు చేతులతో పట్టవలెను. మలుపునకు చాల ముందుగానే వేగము తగ్గించి, త్రిప్పుట ముందుగా ఆరంభింపవలెను. పలుమార్లు వెనుకకు ముందుకు తిప్పవలసిన ఇరుకు సందులను విడిచి, దూరమైనను తిన్నని మార్గమున పోవలెను.

మరొక హెచ్చరిక. పల్లమున పెట్రోలు ఆదా కొరకు ఇంజను ఆర్పువారు కలరు. ఇంజను ఆగినచో స్టీరింగు సాయము ఆ క్షణముననే పోవును. బ్రేకునకు ఇంజను వలన కలుగు సాయము కూడ ఒకటి రెండు త్రొక్కుళ్లతో తీరిపోవును. 1970 ప్రాంతము నుండి వచ్చిన కార్లలో తాళముచెవి తీసినచో చేతి చక్రమే బిగిసిపోవును. కనుక దొరలుచున్న కారులో చెవి తీయరాదు. 1955లో వెలువడిన సిట్రోయెన్ డి.ఎస్. వంటి కార్లలో స్టీరింగు, బ్రేకులు, కారును మోయు అమరిక అన్నియు ఒకే నూనె ఒత్తిడిపై ఆధారపడును. అట్టివానిని చెడిన స్థితిలో నడుపక మరొక బండిపై ఎక్కించి పంపుటయే మేలు.

ఆనాడు మా మిత్రులు మిగిలిన దారి యంతయు నడకకన్న కొంచెము హెచ్చు వేగముతో, వెనుకవారికి దారి యిచ్చుచు నడిపిరి. షెడ్డు చేరుసరికి వారి చొక్కా చెమటతో తడిసినది. రెండు దినముల తరువాత క్రొత్త గొట్టముతో కారు తిరిగి వచ్చినది. చేతి చక్రము ఒక్క వ్రేలితో తిరుగుచుండెను. మా మిత్రులు మాత్రము ఆ వీధి మలుపు వద్ద రెండు చేతులతో పట్టి, వేగము తగ్గించి, ఎవరైన ఎదురు వచ్చుచున్నారేమోయని చూచిరి.